మూత తీసేసిన లాప్‌టాప్

మొన్న నాయుడుపేటలో ఒక రిపేరు అంగట్లో కూర్చున్నాను. నా లాప్‌టాప్ మూల విరిగి, మూత ఎత్తినప్పుడల్లా కింది డొక్క నోరు తెరుస్తోంది. లోపల అంతా బాగానే ఉందని, పై బాడీ ఒక్కటి మారిస్తే ఇంకొన్నాళ్లు నడుస్తుందని అంగడతను చెప్పాడు. సన్నటి ప్లాస్టిక్ బద్దను అంచులో దూర్చి చుట్టూ లాగితే లోపలి కొక్కేలు టప్ టప్‌మని ఊడాయి. కొత్త బాడీలో ఎక్కడో అడ్డం వస్తున్న ప్లాస్టిక్ ముక్కను సోల్డరింగ్ కడ్డీతో కరిగించి తీసేశాడు. సన్నగా పొగ లేచింది. తియ్యతియ్యగా ఉంటూనే గొంతు పట్టేసే వాసన అది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు పెంచలయ్య సార్ గుర్తొచ్చారు. సరిగ్గా చెప్పాలంటే ముందు ఆయన వేళ్లు గుర్తొచ్చాయి, నల్లటి ప్లాస్టిక్ అంచు వెంట మెల్లగా పాకుతూ ఒకచోట ఆగిన వేళ్లు. చూపు లేని మనిషి ఒక వస్తువును చూడటం అంటే ఏమిటో నేను ఆ రోజే మొదటిసారి దగ్గరగా చూశాను.

పులికాట్ ఒడ్డున, సూళ్లూరుపేటకు అంత దూరం కాని ఒక ఊరి హైస్కూల్లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. నాది బయాలజీ. పెంచలయ్య సార్ సోషల్ చెప్పేవారు. సొంత ఊరు బుచ్చిరెడ్డిపాలెం పక్కన. వరి పండించే కుటుంబం. చిన్నతనంలో జబ్బు చేసి చూపు పోయిందట. ఆ సంగతి ఆయన ఎప్పుడు చెప్పినా ఒక్క వాక్యంలో ముగించి వేరే మాటలోకి వెళ్లిపోయేవారు. సూళ్లూరుపేటలో అద్దెకు ఉంటూ రోజూ షేర్ ఆటోలో వచ్చేవారు. తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి, చేతిలో మడత కర్ర. నేను చేరిన రోజు ఆయన స్టాఫ్ రూమ్ నుంచి క్లాసుకు బయలుదేరుతుంటే, నేను గబుక్కున లేచి మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిపించబోయాను. ఆయన ఆగిపోయారు.

"అమ్మా, పేరేంది?"

"శైలజ సార్. బయాలజీ."

"శైలజా, నువ్వు నన్ను పట్టుకుంటే నన్ను లాక్కోని పోతావు. నేను నిన్ను పట్టుకుంటే నీతో నడుస్తా. ఈ రెండిటికీ చానా తేడా ఉండాది." నవ్వారు. "అసలు ఈ వరండాలో నాకు రెండూ అక్కర్లేదనుకో."

కర్ర కూడా విప్పకుండానే వరండా చివరికి వెళ్లి, మలుపు తిరిగి, సరిగ్గా తన క్లాసు ముందు ఆగారు. నేను చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఆయన గొంతులో కోపం లేదు. కొత్తగా వచ్చిన వాళ్లకు మంచినీళ్ల కుండ ఎక్కడుందో చూపించినంత మామూలుగా చెప్పారు.

గుడ్డసంచిలో ఆయన లాప్‌టాప్ ఉండేది. బరువైన పాతకాలపు యంత్రం. ఎవరో ఉద్యోగం మారుతూ వదిలేసి పోయిన దాన్ని కొనుక్కున్నారట. అది మాట్లాడుతుంది. తెర మీద ఏ అక్షరముంటే ఆ అక్షరం, ఏ మీట నొక్కితే ఆ మీట పేరు, చెవిలో చెప్పే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. పాఠ్యపుస్తకాలన్నీ ఎవరెవరి చేతో టైపు చేయించి అందులోకి ఎక్కించుకున్నారు. ఆయన అరచేతులు ఆనే చోట రంగంతా పోయి ప్లాస్టిక్ నున్నగా తేలింది. కొన్ని మీటల మీద గాయానికి వేసే ప్లాస్టర్‌ను చిన్న ముక్కలుగా కత్తిరించి అంటించుకున్నారు, వేలికి తగిలి గుర్తుపట్టేందుకు. తెర మాత్రం ఎప్పుడూ నల్లగానే ఉండేది. వెలుతురు పూర్తిగా తగ్గించేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని అలా పెట్టుకునేవారు. ఎప్పుడైనా ఆయన టైపు చేసిన ప్రశ్నపత్రంలో అక్షరదోషాలు చూడమని నన్ను పిలిస్తే, నేను వెలుతురు పెంచి చూసేదాన్ని. చూశాక మళ్లీ తగ్గించమని గుర్తుచేసేవారు.

ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాఠం చెప్పేవారు. ఆ చెవి పుస్తకానిది, ఈ చెవి పిల్లలది. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజు పగటిపూట అయితే స్కూలంతా గ్రౌండ్‌లోకి వచ్చేది. ఆయనా వచ్చి పిల్లల మధ్య నిలబడి అడిగేవారు.

"ముందు ఏం కనబడిందిరా?"

"మంట సార్!" "కాదు సార్, పొగ!"

"ఇద్దరిలో ఎవురో ఒకరు సరిగ్గా చూళ్లేదు. మళ్లీ చెప్పండి. శబ్దం ఎప్పుడొచ్చినాది?"

"అది చానా పైకి పొయినాక సార్" అంది ఒక అమ్మాయి.

"అంటే నాకు మీకంటే లేటుగా తెలిసిందన్నమాట. సరే, అంతలోపల ఏం జరిగిందో చెప్పండి."

పిల్లలు పోటీపడి చెప్పేవాళ్లు. చెప్పాలంటే చూడాలి కాబట్టి, మిగతా క్లాసుల పిల్లలకంటే వాళ్లు శ్రద్ధగా చూసేవాళ్లు. ఆకు అడ్డుకోత బొమ్మ వేయమంటే పుస్తకంలో బొమ్మ కాకుండా మైక్రోస్కోపులో కనిపించినదే వేసే పిల్లలు నాకు ఆ సెక్షన్లోనే ఎక్కువ దొరికారు. దానికి కారణం నా బోధన అనుకున్నాను కొంతకాలం.

ఆ ఊళ్లో ఏ ఇనుమూ ఎక్కువకాలం నిలవదు. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు పొరలు పొరలుగా రాలతాయి. గొళ్లేలు బిగుసుకుపోతాయి. లాప్‌టాప్ మూతను పట్టి ఉంచే కీళ్లు కూడా లోపల తుప్పు పట్టి బిగిశాయి. మూత ఎత్తినప్పుడల్లా కీలు కదలక, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ కొంచెం కొంచెం చీలుతూ వచ్చింది. ఆయన టేపు చుట్టారు. తర్వాత రబ్బరు బ్యాండ్లు వేశారు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో, క్లాసులో మూత ఎత్తబోతే అది పెద్ద చప్పుడుతో డొక్కను చీల్చుకుని వెనక్కి వాలిపోయింది. మీటల పలక పైకి లేచింది. కింద ఒక మరమేకు గచ్చు మీద దొర్లుకుంటూ పోయింది. పక్క గదిలో ఉన్న నాకు ఆ చప్పుడు, ఆ తర్వాత పిల్లల నిశ్శబ్దం వినిపించాయి. వెంటనే సార్ గొంతు కూడా వినిపించింది. చెబుతున్న వాక్యాన్ని ఎక్కడ వదిలారో అక్కడే అందుకుని గంట కొట్టేదాకా పాఠం చెప్పారు.

కానీ మర్నాటి పాఠానికి చదువుకునే దారి లేదు. అందులో సగం మీటలు పలకడం మానేశాయి. అప్పటి హెడ్‌మాస్టర్ గారు చెడ్డమనిషి కాదు. ఆ ఏడాదే వచ్చారు. స్కూలు ఫలితాల మీద బెంగ ఉన్నవారు. సాయంత్రం స్టాఫ్ రూమ్‌కు వచ్చి పెంచలయ్య సార్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మీకెందుకు సార్ ఈ ఇబ్బంది? పరీక్షలయ్యేదాకా టెన్త్ ఇంకెవరన్నా చూసుకుంటారు. మీరు ఆరు, ఏడు క్లాసులు తీసుకోండి. హాయిగా ఉంటాది."

"నాకు ఇబ్బందిగా ఉండాదని నేను మీతో అన్నానా సార్?"

"అన్లేదనుకోండి. మేమే అర్థం చేసుకోవాల గదా."

పెంచలయ్య సార్ విరిగిన మూతను మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. "సోమవారం దాకా టైమియ్యండి. అప్పటికీ నేను చదువుకోలేకపోతే నేనే వదిలేస్తా. మీరు అడగబళ్లేదు" అన్నారు. హెడ్‌మాస్టర్ గారు తల ఊపారు. తల ఊపితే ఈయనకు తెలియదని గుర్తొచ్చి, "సరే సార్" అని పైకి అన్నారు.

అది వారం మధ్య. నేను చదివి పెడతానన్నాను. ఆయన వద్దనలేదు. స్కూలు వదిలాక స్టాఫ్ రూమ్‌లో కూర్చుని సోషల్ పుస్తకం గట్టిగా చదివాను. బాగానే చదువుతున్నానని నా నమ్మకం. రెండో రోజు మధ్యలో ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఇక్కడ ఒక పటం ఉండాల గదా?"

"ఉంది సార్. పటం కదా అని..."

"పటం కింద ఏమో రాసుంటాది. పక్కన చిన్న డబ్బాలో ఒక ప్రశ్న కూడా ఉంటాది. నిన్న కూడా రెండు చోట్ల దాటేసినావు."

నేను పుస్తకం చూశాను. ఉన్నాయి. "అవి అంత ముఖ్యం కాదేమోనని, సార్."

"అయ్యుండకపోవచ్చు. కానీ ఏది అక్కర్లేదో నువ్వే ఏరేసి, మిగిలింది నాకు పెడుతుండావు. ఏరేది నా పనమ్మా. నువ్వు చదివి పెడితే నేను వినేది నీ పుస్తకం. నేను చదువుకుంటే అది నా పుస్తకం. రేపు పిల్లకాయలు ఆ పటం చూస్తా నన్నే గదా అడిగేది."

తర్వాత, "గొంతు బాగుండాది నీది, మళ్లీ మొదట్నించీ చదువు" అన్నారు. మొదటి నుంచీ చదివాను. పేజీ కింద అంకెతో సహా చదివాను. చీకటి పడేముందు ఆపి, శనివారం మధ్యాహ్నం సూళ్లూరుపేటలో మస్తాన్ రిపేరు అంగడికి వెళ్దామని చెప్పారు. తోడు రమ్మని అడిగారు. దారికి కాదట. అక్కడ విప్పాక లోపల ఏం కనిపిస్తే అది వదలకుండా చెప్పేందుకట.

మస్తాన్‌కు నా వయసే ఉంటుంది. బస్టాండు దగ్గర ఇరుకు గదిలో చుట్టూ డొక్కలు విప్పిన యంత్రాల మధ్య కూర్చుని ఉన్నాడు. లాప్‌టాప్‌ను చూసి, నా వైపు తిరిగి అడిగాడు.

"సార్‌కి ఏం కావాలంట మేడం?"

అంతకుముందు రోజైతే నేనే జవాబు చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం, "ఆయన్నే అడగండి" అన్నాను. మస్తాన్ కొంచెం తడబడి కుర్చీ అటు తిప్పుకున్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ నా అవసరం పెద్దగా పడలేదు.

"కొత్తది కొనుక్కోండి సార్. దీనికి బాడీ ఇప్పుడు తయారు చేయటంల్యా."

"కొంటా, సెలవల్లో. ఇప్పుడు కొత్త మీటలు నేర్చుకుంటా కూచుంటే పిల్లకాయల పరీక్షలు అయిపోతాయి. దీని మీద నా వేళ్లు వాటంతటవే పోతాయి."

మస్తాన్ అటక మీద వెతికి ఇదే రకం లాప్‌టాప్ ఒకటి దించాడు. తడ దగ్గర ఫ్యాక్టరీలవైపు నుంచి తుక్కు కింద వచ్చిందట. లోపల ప్రాణం లేదు. కానీ కింది డొక్క, మీటల చుట్టూ ఉండే పై పలక చెక్కుచెదరకుండా ఉన్నాయి. మూత మాత్రం నుజ్జు. దాని కీళ్లు కూడా వంగిపోయాయి. సార్ లాప్‌టాప్ లోపలి భాగాలన్నీ ఆ డొక్కలోకి మార్చవచ్చన్నాడు. చిక్కల్లా మూతతోనే. సార్ పాత మూతనే తెచ్చి బిగిద్దామంటే, తుప్పు పట్టిన కీళ్లు ఈ కొత్త డొక్కను కూడా చీల్చేస్తాయి. మంచి కీళ్లు చెన్నై నుంచి రావాలి. అవి వచ్చేసరికి సోమవారం దాటిపోతుంది.

పెంచలయ్య సార్ ఇదంతా విని, "కీళ్లు లేకపోతే ఏమవతాది?" అని అడిగారు.

"కీళ్లు లేకపోతే మూత నిలబడదు సార్."

"మూత ఎందుకు?"

మస్తాన్ నా మొహం చూశాడు. "మూతలోనే గదా సార్ స్క్రీన్ ఉండేది! స్క్రీన్ లేకుండా ఎట్టా?"

"నాకు ఎప్పుడన్నా ఉన్నిందా అబ్బయ్యా?"

ముందు నవ్వింది సారే. తర్వాత మస్తాన్ నవ్వాడు, కొంచెం భయంగా. ఎవరూ అడగని పని కాబట్టి తనకూ ఎప్పుడూ ఆలోచన రాలేదని, తెర ఊడదీసినా యంత్రం నడవాలనే అనుకుంటున్నానని, కానీ మాట ఇవ్వలేనని అన్నాడు. "చూద్దాం" అన్నారు సార్. నేను మొదటిసారి భయపడ్డాను. అది కూడా ఆగిపోతే, సోమవారం ఆయన తన నోటితోనే టెన్త్ వదులుకోవాలి.

పని చాలాసేపు పట్టింది. మస్తాన్ ఒక్కో భాగం తీసి కొత్త డొక్కలో అమర్చాడు. నేను చూసింది చూసినట్టు చెబుతూ వచ్చాను. మూతలోకి పోయే వైఫై తీగల్ని మడిచి అడుగునే అతికించాడు. ప్లాస్టర్ ముక్కలు అంటించిన పాత మీటల పలకనే, వదులై సగం మీటల్ని ఆపేసిన దాని తీగను సరిగ్గా తగిలించి, ఇందులో బిగించాడు. కీళ్ల కోసం పైకి పొడుచుకొచ్చిన భాగాల్ని కోసేసి, అంచులను వేడి కడ్డీతో నున్నగా రుద్దాడు. అప్పుడు లేచింది ఆ పొగ. చల్లారాక సార్ చేతికిచ్చాడు. ఆయన వేళ్లు అంచు వెంట చుట్టూ తిరిగి ఎడమ మూల దగ్గర ఆగాయి.

"ఇక్కడ గీసుకుంటాది."

నాకు ఏమీ కనిపించలేదు. మస్తాన్ వేలు పెట్టి చూసి, మళ్లీ కడ్డీ వేడి చేశాడు.

చివరికి మీట నొక్కారు. బల్ల మీద పరీక్ష అట్టంత నల్లటి పలక, అంతే. నేనూ మస్తానూ అలవాటుగా దాని పైన, తెర ఉండాల్సిన ఖాళీ చోటే చూస్తున్నాం. అక్కడ గోడ తప్ప ఏం లేదు. సార్ మాత్రం తల ఒకవైపు వంచి కూర్చున్నారు. లోపల చిన్న ఫ్యాను తిరిగి ఆగింది. మళ్లీ తిరిగింది. చాలాసేపు ఏమీ జరగలేదు. మస్తాన్ పెదవి విరిచి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. సార్ అతని చెయ్యి ఎక్కడుందో తెలిసినట్టే దాని మీద చెయ్యి వేసి, "ఉండు" అన్నారు. అప్పుడు మాట్లాడింది అది. ఇయర్‌ఫోన్ పెట్టలేదు కాబట్టి ముగ్గురికీ వినిపించింది, ఆ మరమనిషి గొంతు.

ఊడదీసిన తెరను కాగితంలో చుట్టి ఇవ్వబోతే, "నువ్వే ఉంచుకో, ఎవురికన్నా పనికొస్తాది" అన్నారు సార్.

సోమవారం ఆయన పరీక్ష అట్ట ఒకటి రబ్బరు బ్యాండుతో పైన బిగించి, దాన్నే మూతగా వాడుతూ లాప్‌టాప్ తెచ్చారు. హెడ్‌మాస్టర్ గారు టెన్త్ క్లాసు గుమ్మం దగ్గర కొంతసేపు నిలబడి వెళ్లారు. మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో ఏం కనబడదే! మీరేం చదువుతుండారో మాకెట్టా తెలుస్తాది సార్?"

"అడిగితే చెప్తా సార్."

హెడ్‌మాస్టర్ గారు పలకను జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు. టెన్త్ సంగతి మళ్లీ ఎత్తలేదు. పిల్లలు మాత్రం ఆ యంత్రాన్ని మామూలుగా తీసుకున్నారు. వాళ్లకు తెర ముందూ లేదు, తర్వాతా లేదు.

ఇబ్బంది వచ్చింది నాకు. ప్రశ్నపత్రంలో తప్పులు చూడమంటే ఎక్కడ చూడాలి? ఆయన ఇయర్‌ఫోన్ ఒకటి నాకిచ్చి, రెండోది తను పెట్టుకున్నారు. అందులో గొంతు వానజల్లులా కురిసింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అది తెలుగే అని కూడా తెలియలేదు. "ఏదో పాడైనట్టుంది సార్" అన్నాను. ఆయన నవ్వి ఏదో మీట నొక్కారు. వేగం తగ్గింది. ఇంకా తగ్గించమన్నాను. ఇంకా తగ్గించారు. పెద్ద పెద్ద అంగలు వేసే మనిషి పక్కవాళ్ల కోసం నడక తగ్గించినట్టు, ఆయన నాకోసం ప్రతి వాక్యం దగ్గరా ఆగుతూ వచ్చారు. ఇన్నాళ్లూ ఆయన ఎలా చదువుతున్నారో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. చదివి పెట్టిన సాయంత్రాల్లో ఆయన ఎంత ఓపిక పట్టారో కూడా అప్పుడే తెలిసింది.

సెలవుల్లో ఆయన కొత్త లాప్‌టాప్ కొన్నారు. బదిలీల్లో బుచ్చిరెడ్డిపాలెం వైపు వెళ్లిపోయారు. పండక్కో, ఫలితాలు వచ్చినప్పుడో ఫోన్ చేసుకునేవాళ్లం. రిటైరయ్యాక ఫోన్లు తగ్గాయి. ఆయన పోయిన సంగతి నాకు పాత స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఫొటో కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. మర్నాడు యథాప్రకారం స్కూలుకు వెళ్లాను. ఆయన నాకు గురువు అని నేను ఎవరితోనూ అనలేదు. ఆయనా నాకు ఏదీ నేర్పుతున్నట్టు కనిపించలేదు. తన పని తను చేసుకుపోవడానికి అడ్డొచ్చిన చోట, అడ్డు తప్పుకోమని చెప్పారు. అంతే.

ఈ ఏడాది మా స్కూల్లో తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి చేరింది. సరిగ్గా వినపడదు. పెదవుల కదలిక చూసి మాట పోల్చుకుంటుంది. వచ్చిన రోజే మా సహోద్యోగి ఒకరు, పాపం అని, తనను చెయ్యి పట్టి తీసుకెళ్లి ముందు బెంచీలో, టీచరు బల్లకు ఎదురుగా కూర్చోబెట్టారు. నా పీరియడ్‌లో నేను ఆ అమ్మాయికి ఎదురుగా నిలబడి, మొహం కనిపించేలా, "నీకు యాడ కూర్చోవాలనుండాది?" అని అడిగాను. తను అనుమానంగా చూసింది. తర్వాత లేచి, సంచి తీసుకుని, కిటికీ పక్కన గోడకు ఆనుకుని, క్లాసు వైపు తిరిగేలా అడ్డంగా వేసిన బెంచీకి వెళ్లింది. అంత దూరం ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పింది.

"ముందర కూర్చుంటే మీరొక్కరే కనబడతారు మేడం. ఇక్కణ్ణించి అందరి మొహాలూ కనబడతాయి."

పాఠం మొదలుపెట్టాను. బోర్డు వైపు తిరిగి బొమ్మ వేస్తుంటే వెనక ఎవడో ఏదో గొణిగాడు. నాకు వినపడలేదు. తిరిగి చూసేసరికి, క్లాసులో అందరికంటే ముందు నవ్వుతున్నది ఆ అమ్మాయే.